కొండగట్టులో ఎన్ని అక్షరాలు? జెడి లైన్లను ఎట్ల లెక్కపెడుతది

నేను కొండగట్టు నుంచి మాట్లాడుతున్నా. వెనకాల హారన్లు వినబడితే ఏమనుకోకండి, ఈరోజు మంగళవారం, గుట్టకు జనం ఎక్కువ. పక్కనే నాచుపల్లిలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, ఆ పిల్లలు చూస్తుంటే ఇది మీకు బాగా పనికొస్తది.

పైథాన్‌లో ఒక పేరు రాసి చుక్క పెట్టగానే కింద లిస్టు పడుతుంది కదా. చాలా ఎడిటర్లలో ఆ లిస్టు ఇచ్చేది జెడి అనే లైబ్రరీ. డేవిడ్ హాల్టర్ మొదలుపెట్టిండు. ఐపైథాన్ కూడా దీన్ని వాడుకుంటుంది.

మా చెల్లె కోసం పైథాన్ లెక్కల ఫైల్ ఒకటి రాసిన. పేర్లన్నీ తెలుగులోనే పెట్టిన. పైథాన్ 3లో అట్ల పెట్టొచ్చు, ఎర్రర్ రాదు. అదే టైంలో నా విమ్ ఎడిటర్‌కు జెడిని కలిపే చిన్న ప్లగిన్ రాసుకున్నా. రెడీమేడ్‌ది ఉంది, తెలుసు, నేర్చుకుందామని. ఇంగ్లిష్ లైన్లలో బాగానే నడిచింది. తెలుగు లైన్‌కు పోగానే వాల్యూ ఎర్రర్! జెడికి తెలుగు రాదు అనుకొని, రెండు రాత్రులు కూర్చొని పేర్లన్నీ ఇంగ్లిష్‌లోకి మార్చేసిన. "అన్నా, ఇట్ల ఎందుకు మార్చినవ్, నాకు సమజైతలేదు" అన్నది చెల్లె.

తప్పు నాది. జెడి మనల్ని అడిగేది రెండే: కర్సర్ ఏ లైన్‌లో ఉంది, ఏ కాలమ్‌లో ఉంది. లైన్ 1 నుంచి మొదలు, కాలమ్ 0 నుంచి మొదలు. ఈ లైన్ చూడండి:

ఊరు = "కొండగట్టు"; ఊరు.

కొండగట్టు అంటే మన కంటికి నాలుగు అక్షరాలు. పైథాన్‌లో లెన్ అడిగితే 9, ఎందుకంటే గుణింతం, సున్నా, పొల్లు అన్నీ విడివిడిగా లెక్క. బైట్లలో అయితే 27. చుక్క తర్వాత కర్సర్ ఉన్న చోటు జెడి లెక్కలో 23. విమ్‌లో కాల్ ఫంక్షన్ బైట్లు లెక్కపెడుతది, అది చూసి నేను పంపింది 53. లైన్‌లో ఉన్నదే 23 అయితే 53వ చోటు ఎక్కడ దొరుకుతది? కర్సర్ దాకా ఉన్న బైట్లను యూటీఎఫ్-8గా డీకోడ్ చేసి, దాని లెన్ పంపితే అయిపోయింది. ఒక్క లైన్ పని.

ఇక లైన్ల సంగతి, నాకు బాగా నచ్చింది ఇదే. జెడి లోపల కోడ్ చదివేది పార్సో అనే ఇంకో లైబ్రరీ. 2017లో జెడి నుంచి విడదీసిన్రు. అది కోడ్ మొత్తాన్ని ఒక చెట్టులా పేర్చుకొని, ప్రతి ముక్కకు ఏ లైన్, ఏ కాలమ్ అని రాసిపెట్టుకుంటది. స్పేసులు, కామెంట్లు పడేయదు, తర్వాత వచ్చే ముక్కకు ముందు తగిలిస్తది. చుక్క పెట్టి ఆగినప్పుడు మన కోడ్ నిజానికి సగం కోడే. మామూలు పైథాన్ అక్కడే సింటాక్స్ ఎర్రర్ అంటది. పార్సో ఆ తప్పు ముక్కను గుర్తుపెట్టుకొని ముందుకు పోతది.

ఇప్పుడు ఫైల్ 1000 లైన్లు ఉంది, మీరు మూడో లైన్‌లో ఎంటర్ కొట్టిన్రు. కిందివన్నీ ఒకటి జరిగినయ్. మొత్తం మళ్లీ చదవాల్నా? మన గుట్ట మీద దర్శనం లైన్ చూడండి. మధ్యలో ఒకాయన దూరిండు (లొల్లి అయితది, అది వేరే సంగతి). వెనకున్నోళ్ల వరస నంబర్ ఒకటి పెరుగుతది, అంతేగాని వాళ్లను గుట్ట దిగి మళ్లీ ఎక్కమనం కదా. పార్సో కూడా పాత లైన్లను కొత్త లైన్లతో డిఫ్‌లిబ్ పెట్టి పోలుస్తది. మారని భాగాన్ని పాత చెట్టు నుంచి తెచ్చుకొని లైన్ నంబర్ జరుపుతది, మారినదాన్నే మళ్లీ చదువుతది.

ఒక చిన్న జాగ్రత్త. పైథాన్‌లోని స్ప్లిట్‌లైన్స్, ఫామ్ ఫీడ్ అనే పాత ప్రింటర్ గుర్తు దగ్గర కూడా లైన్ విరుస్తది. పార్సో విరవదు. దాంతో లెక్కపెట్టి పంపితే లైన్ నంబర్ తేడా కొడుతది.

ఫైల్ గిట్‌లో ఉంది కాబట్టి తెలుగు పేర్లు తిరిగొచ్చినయ్. చెల్లె ఇప్పుడు ఏడో లెక్క చేస్తుంది. మీ ఊరి పేరుకు లెన్ ఎంతొచ్చిందో కింద కామెంట్లో రాయండి. ఉంటా మరి.