రిపోర్టు నార్మల్ అంటే సరిపోతుందా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సన్మానాల మధ్యలో స్కాన్ల గొడవ ఏమిటని పొద్దున ఒకాయన అడిగాడు. ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామందిమి యాభై దాటాం. ఫోన్లో పలకరించుకుంటే పిల్లల కబుర్ల తర్వాత వచ్చేవి షుగరు, బీపీ, రిపోర్టులే. అందుకే ఈ పది నిమిషాలు అడిగి తీసుకున్నాను.

నేను రేడియాలజిస్టుని. కొన్నేళ్ల కిందట మన బ్యాచ్ మిత్రుడొకడు ఫోన్ చేశాడు. "ఒరేయ్, ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించా, నార్మల్ అన్నారు. ఇంక భయం లేదుగా?" అన్నాడు. వాడు సిగరెట్లు మానలేదు. వాళ్ల నాన్నగారు చిన్న వయసులోనే గుండెపోటుతో పోయారు. రెండూ నాకు తెలుసు. అయినా "ఏం భయం లేదురా" అనేశాను. ఎనిమిది నెలలకు వాడికి గుండెపోటు వచ్చింది. వేళకు ఆసుపత్రికి చేర్చారు కాబట్టి ఇవాళ మనతోపాటే భోజనానికి కూర్చుంటాడు. ఈ సంగతి చెప్పమన్నదీ వాడే. పరీక్షలో తప్పు లేదు. అది దేనికి జవాబిస్తుందో, దేనికి ఇవ్వదో వాడికి చెప్పకపోవడం నా తప్పు.

ట్రెడ్‌మిల్ పరీక్ష అడిగే ప్రశ్న ఒక్కటే: శ్రమపడినప్పుడు గుండెకు రక్తం చాలుతోందా? నాళం బాగా ఇరుకైతేనే అది సాధారణంగా పట్టుకుంటుంది. కానీ మనం ప్లాక్ అనే కొవ్వు పూడిక పేరుకునేది నాళం గోడలో. చెమ్మ పట్టిన పాత గోడను చూడండి, పైన సున్నం బాగానే ఉంటుంది, లోపల గుల్లబారుతుంది. కొవ్వు పెరిగేకొద్దీ నాళం బయటివైపు ఉబ్బి లోపలి దారిని చాలాకాలం కాపాడుకుంటుందని 1987లో గ్లాగోవ్ బృందం చూపించింది. ఒకరోజు ప్లాక్ పైపొర చిట్లితే అక్కడ రక్తం గడ్డకట్టి దారి నిమిషాల్లో మూసుకుపోవచ్చు. గుండెపోటు చాలాసార్లు ఇలాగే వస్తుంది.

ఆ గోడను చూడగలిగేది సీటీ స్కాన్. దీన్ని తయారుచేసిన హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఇంజనీరు. 1971లో లండన్‌లో తొలి రోగికి మెదడు స్కాన్ చేశారు. 1979లో కార్మాక్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన పేరిట ఉన్న కొలతలో నీరు 0, గాలి మైనస్ 1000. నాళంలో 130, ఆపైన ఉంటే కాల్షియంగా లెక్కిస్తాం. 30 కన్నా తక్కువుంటే కొవ్వు నిండిన మెత్తటి ప్లాక్. ఎక్కువ ప్రమాదం దీనితోనే.

గుండెకు చేసే సీటీ రెండు రకాలు. మొదటిది కాల్షియం స్కోర్. ఇంజెక్షన్ ఉండదు, నిమిషాల్లో అయిపోతుంది. రేడియేషన్ సుమారు 1 మిల్లీసీవర్ట్. ప్రకృతి నుంచి మనిషికి ఏటా సగటున 2.4 అందుతూనే ఉంటుంది. స్కోర్ 0 వస్తే మంచి మాటే. 100 దాటితే స్టాటిన్ మాత్ర గురించి డాక్టరుతో మాట్లాడాల్సిందే. అయితే 0 అనేది అభయహస్తం కాదు. మెత్తటి ప్లాక్‌కు ఇంకా కాల్షియం పట్టి ఉండకపోవచ్చు, ముఖ్యంగా చిన్న వయసువాళ్లలో, పొగతాగేవాళ్లలో.

రెండోది సీటీ కరోనరీ యాంజియోగ్రామ్. చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కిస్తారు. గుండె వేగం తగ్గడానికి అవసరమైతే మాత్ర ఇస్తారు, కొన్ని సెకన్లు ఊపిరి బిగబట్టమంటారు. మెత్తటి ప్లాక్ కూడా ఇందులో కనిపిస్తుంది. కిడ్నీ సమస్య, అలర్జీ ఉంటే ముందే చెప్పాలి. స్కాట్లండ్‌లో ఛాతీనొప్పితో వచ్చిన 4,146 మందిపై చేసిన స్కాట్-హార్ట్ పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. మామూలు వైద్యంతోపాటు ఈ స్కాన్ కూడా చేసినవాళ్లలో అయిదేళ్లలో గుండెపోటు, గుండెజబ్బు మరణాలు కలిపి 2.3 శాతం. స్కాన్ లేనివాళ్లలో 3.9 శాతం. స్కాన్ జబ్బును నయం చేయదు. గోడలో ఏముందో తెలిశాక ఎక్కువమందికి సరైన మందులు అందాయి.

తర్వాత నేనూ చేయించుకున్నాను. కాల్షియం స్కోర్ 140. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచి స్టాటిన్, నడక మొదలుపెట్టాను. ఏటా స్కాన్ మాత్రం చేయించుకోను. స్టాటిన్ వాడితే మెత్తటి ప్లాక్ గట్టిపడి స్కోర్ పెరగవచ్చు, దాన్ని చూసి బెంబేలెత్తడం తప్ప లాభం లేదు.

రేపే అందరూ స్కాన్ సెంటర్ ముందు వరస కట్టమని చెప్పడం లేదు. షుగరు ఉన్నవాళ్లు చాలామందికి స్కాన్‌తో పనిలేకుండానే స్టాటిన్ అవసరం. మందు వేసుకోవాలా వద్దా అని డాక్టరుకూ మీకూ సందేహం ఉన్నచోట కాల్షియం స్కోర్ పనికొస్తుంది. ఇప్పటికిప్పుడు ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే ఏ స్కాన్ గురించీ ఆలోచించకండి. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.

పరీక్ష హాల్లో మన మాస్టార్లు ఒక మాట చెప్పేవారు: జవాబు రాసే ముందు ప్రశ్న రెండుసార్లు చదవమని. డాక్టరునయ్యాక నేనే ఆ మాట మరిచాను. ఈసారి మీ చేతికి రిపోర్టు వస్తే "నార్మలేనా?" అని ఆగిపోకండి. "ఈ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెప్పింది సార్?" అని అడగండి. ఎవరైనా నాకు ఫోన్ చేసి అడిగినా, ఇకమీద "ఏం భయం లేదురా" అని తేల్చేయను. కూర్చుని వివరంగా చెబుతాను.