ఐర్లండువారి యింటిపేరులు – వంశాన్వేషణము



నా పూర్వశిష్యుఁ డొకఁడు అమెరికాలో నున్నాఁడు. ఆతని పొరుగువాని యింటిపేరు స్మిత్తు. బంగాళాదుంపల పైరు తెగులుచేఁ బోయి 1845లో మొదలైన మహాక్షామమునందుఁ దన ముత్తాత తండ్రి ఐర్లండునుండి యోడ నెక్కెనని యాతఁడు పెద్దలవలన విన్నాఁడు. స్మిత్తు ఆంగ్లేయనామము గదా, తా నైరిష్‌వాఁ డెట్లగునని యాతని సందేహము. నామవ్యుత్పత్తి యన్న నాకుఁ జాపల్య మెక్కువ యని యెఱిఁగి శిష్యుఁడు నన్నడిగెను.

ఐరిష్ భాషలో 'మాక్' అనఁగాఁ గుమారుఁడు. 'ఓ' అనఁగా మనుమఁడు, వంశజుఁడు. మన యింటిపేరులలో ననేకము లూళ్లనుబట్టి వచ్చినవి. వారివి పెక్కులు మూలపురుషునిబట్టి వచ్చినవి. కమ్మరి కుమారుఁ డను నర్థముగల యొక పేరును ఆంగ్లమున వ్రాయువారు చెవికి వినఁబడినట్లు 'మక్‌గోవన్' అని వ్రాసిరి. కావన్ మండలమునఁ బలువురు దాని యర్థము ననువదించి 'స్మిత్తు' అనిరి. కమ్మరికి ఆంగ్లమున స్మిత్తే గదా! ఓసల్లివానులు 'ఓ'కారమును విడిచి సల్లివానులైరి. పందొమ్మిదవ శతాబ్ది చివర స్వభాషాభిమానము పెరిగినపుడు కొందఱు దానిని మరలఁ దగిలించుకొనిరి. కావున నక్షరభేదము చూచి వంశభేద మనుకొనరాదు. అక్షరసామ్యము చూచి జ్ఞాతిత్వము కల్పించుట యంతకంటెను బ్రమాదము.

ఇఁక దాఖలాలు. 1922 జూన్ 30వ తేదీన, అంతర్యుద్ధములో, డబ్లిన్ నగరమందలి ప్రభుత్వ దస్తావేజుల భాండారము తగులఁబడెను. 1821 మొదలు 1851 వఱకుఁ గల జనాభా లెక్కలలో నధికభాగము బూడిదయయ్యెను. తరువాతి నాలుగు లెక్కలను బ్రభుత్వమే యంతకుముందు నశింపఁజేసియుండెను! తాళపత్రములను జెదలకు గోల్పోయిన మన మా దుఃఖము నెఱుఁగుదుము. పూర్తిగా మిగిలినవి 1901, 1911 లెక్కలు. వానికిఁ బూర్వము, 1847–1864 నడుమ, గ్రిఫిత్తు దొరగారి భూమి మదింపు జరిగినది. అందుఁ బల్లెపల్లెకు భూమి ననుభవించువాని పేరున్నది. ముత్తాత తండ్రి యోడ నెక్కినను, ఆతని యన్నయో తండ్రియో యందుండవచ్చును. కాథలిక్ చర్చిల జ్ఞానస్నాన పుస్తకముల ప్రతిబింబములను వారి జాతీయ గ్రంథాలయము 2015లో నంతర్జాలమున నుంచినది. వానిలోఁ గొన్ని లాటిను భాషలో నున్నవి. జేమ్సు అందు 'జాకోబస్' అగును.

మన స్మిత్తుగారి పూర్వుని సమాధిరాతిపైఁ గావన్ అని యున్నదఁట. ఆ మండలమున స్మిత్తులు కోకొల్లలు. ఒకే చర్చి పుస్తకమున, ఒకే యేఁట, ఇరువురు జేమ్సు స్మిత్తులు కానవచ్చిరి. జ్ఞానపితరుల పేరులు చూడుఁడని వ్రాసితిని. ఒక శిశువునకు జ్ఞానమాత మక్‌గోవన్ వారి బ్రిజెట్. మీ యింట నా పేరుగల వృద్ధురా లెవరైన నుండిరా యని యడిగితిని. ప్రత్యుత్తరము రావలసియున్నది.