మాధవరం నుంచి శ్రీహరికోటకు

చెన్నైలోని మన మాధవరం బస్టాండులో నెల్లూరు బస్సెక్కితే దారిలోనే సూళ్లూరుపేట. అక్కణ్ణుంచి శ్రీహరికోట దగ్గరే. 2019 నుంచి అక్కడ గ్యాలరీలో కూర్చుని రాకెట్ ప్రయోగం చూడొచ్చు. ముందు మంట కనబడుతుంది, ఆ తర్వాతే మోత వినబడుతుంది. కాంతికీ ధ్వనికీ వేగంలో ఉన్న తేడా పిల్లలకు ఇంతకన్నా బాగా ఏ పుస్తకం చెప్పగలదు?

చూడటమే కాదు, చేసిన పిల్లలూ ఉన్నారు. చెన్నైకి చెందిన స్పేస్ కిడ్జ్ ఇండియా సంస్థ తోడ్పాటుతో 75 ప్రభుత్వ బడుల్లోని 750 మంది ఆడపిల్లలు ఆజాదీశాట్ అనే ఉపగ్రహం కోసం సుమారు 50 గ్రాముల చొప్పున చిన్న చిన్న పరికరాలు తయారుచేశారు. 2022 ఆగస్టు 7న రాకెట్ దాన్ని సరైన కక్ష్యలో పెట్టలేకపోయింది. 2023 ఫిబ్రవరి 10న ఆజాదీశాట్-2 కక్ష్యకు చేరింది. ఓటమి తర్వాత పట్టు వదలని, ఆ రెండు తేదీల మధ్యనున్న ఆరు నెలలే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తాయి. తర్వాతి ప్రయోగం తేదీ ప్రకటించగానే, గ్యాలరీ నుంచి చూడటానికి ఆన్‌లైన్‌లో మీ పిల్లల పేర్లు నమోదు చేయించండి.