నల్లమందు మత్తు: విరుగుడు



నల్లమందు మన యిండ్లకు క్రొత్త వస్తువు కాదు. పొలము పనికి పోవు తల్లులు బిడ్డ నిద్రించుటకై ఆవగింజంత నాలుకకు రాచి పోయెడివారు. ఒక్కొక్క బిడ్డ మరి లేచెడిది కాదు. ఆ గసగసాల కాయ పాలనుండియే 19వ శతాబ్దారంభమున, జర్మనీలో ఒక మందులకొట్టున పనిచేయు సెర్ట్యూర్నరు అను యువకుడు మార్ఫీనును వేరుపరచెను. నేడు దానికి చుట్టములు పెక్కు: కోడీను, హెరాయిను, ట్రమడాలు, ఫెంటానిలు. ఈ కడపటిది మార్ఫీనుకంటె ఇంచుమించు 100 రెట్లు తీక్ష్ణము. తీవ్రమైన నొప్పి నణచుటలో ఈ జాతికి సాటి లేదు. వైద్యుడనైన నేను దీనిని నిందింపజాలను.

మితిమీరినచో ఇది ముఖ్యముగా ఊపిరిని పట్టును. మెదడు అడుగుభాగమున ఉచ్ఛ్వాస నిశ్వాసములను నడుపు కేంద్రమును నిద్రపుచ్చును. నిమిషమునకు 12 మొదలు 20 వరకు నుండవలసిన ఊపిరులు ఎనిమిదికి, నాలుగునకు దిగును. కంటిపాప గుండుసూది మొనయంత యగును. పెదవులు నీలించును. వింతయైన గురక వినవచ్చును. ఆ గురక విని, "హాయిగా నిద్రించుచున్నాడు, లేపకుడు" అని యింటివారు తలుపు దగ్గరగా వేసి పోవుదురు. ఈ మాట నేను పెక్కుమారులు విన్నాను.

అట్టివానిని పేరుపెట్టి గట్టిగా పిలువుడు. రొమ్ముటెముకను పిడికిటి కణుపులతో రుద్దుడు. పలుకనిచో 108కి ఫోను చేయుడు. తల వెనుకకు వంచి, గడ్డము పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరుంచి 5, 6 సెకనులకొక ఊపిరి ఊదుడు. రొమ్ము లేచుచున్నదో లేదో చూడుడు. ఊపిరి, కదలిక రెండును లేనిచో రొమ్ము నడుమ వేగముగా అదుముటయు కావలెను. తనంతట చక్కగా ఊపిరి తీయుచుండినచో ప్రక్కకు ఒత్తిగిలజేయుడు. కాఫీ పోయుట, ఉప్పునీళ్లతో కక్కించుట వలదు. మ్రింగలేనివాని నోట పోసినది ఊపిరితిత్తులలోనికే పోవును. ఇరువురు భుజములు పట్టి నడిపించుటయు వలదు. పాత వైద్యగ్రంథములు దానినొక చికిత్సగా చెప్పినవి, అది వేరు మాట.

విరుగుడు కలదు. 1961లో అమెరికాలో లెవెన్‌స్టైను, ఫిష్‌మను అనువారు పేటెంటుకు దరఖాస్తు పెట్టిన నాలొక్సోను అది. మెదడులో నల్లమందు కూర్చుండిన పీఠమునుండి దానిని త్రోసి తాను కూర్చుండును. కూర్చుండి యే పనియు చేయదు. సూదిగాను, కొన్ని దేశములలో ముక్కున చల్లు ద్రవముగాను దొరకును. సారాయికి, నిద్రమాత్రలకు ఇది విరుగుడు కాదు. అయినను ఏది మ్రింగెనో తెలియనప్పుడు ఇచ్చిన హాని లేదు.

నరమున ఎక్కించిన రెండు మూడు నిమిషములకే రోగి లేచి కూర్చుండవచ్చును. "నాకేమియు లేదు, ఇంటికి పోయెద" నని కోపించును. అపాయపు ఘడియ యిదియే. విరుగుడు బలము అర్ధగంట మొదలు గంటన్నర; మెథడోను వంటి మందు బలము ఒక దినమునకు మించియు నుండును. విరుగుడు దిగినంతనే పీఠము ఖాళీయగును, మందు మరల కూర్చుండును. కావున వానిని ఆసుపత్రిలోనే యుంచి, ఊపిరి లెక్కించువా రొకరు ప్రక్కన నుండవలెను.

తోడువచ్చిన మిత్రులు కొందరు పోలీసు భయమున రోగిని గుమ్మమున దించి పోవుదురు. ఏ మందు, ఎంత, ఎప్పుడు అని చెప్పగలవారు వారే. నిలువలేనిచో, మాత్రల ఖాళీ అట్టనైనను రోగి జేబులో నుంచి పొండు.