ఏలూరులో గది, కలిదిండికి ప్రయాణం

కలిదిండి చూడాలనుకునే దూరప్రాంతాలవారు ఏలూరు నగరం నడిబొడ్డున చిన్న లాడ్జిలో దిగితే మేలని నా అభిప్రాయం. పవర్‌పేట స్టేషన్ ఊరి మధ్యలోనే ఉంది. ఆధార్ వెంట ఉంచుకోండి. గది, కిటికీ జాలీ చూశాకే అడ్వాన్సు ఇవ్వండి. కొల్లేటి సీమలో దోమలెక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, అద్దె 24 గంటల లెక్కా, మధ్యాహ్నం 12కే ఖాళీ చెయ్యాలా అన్నది ముందే అడగండి. రాత్రి 10కి దిగితే మొదటి పద్ధతిలో మర్నాడు రాత్రి దాకా గది మీదే. రెండోదానిలో 14 గంటలే! 24 గంటలు దొరికితే సామాను గదిలో ఉంచి, కైకలూరు మీదుగా కలిదిండి వెళ్లిరావచ్చు. యుద్ధంలో మరణించిన ముగ్గురు చోళ సేనానుల స్మృతికి రాజరాజ నరేంద్రుడు 11వ శతాబ్దంలో శివాలయాలు కట్టించిన ఊరది.