నగరపాలనోద్యోగములకు మన సన్నాహము



“తెలుగువారమగుటచే మనకు నగరపాలికలో కొలువు దొరకదు” అను మాట మన యిండ్లలో తరచు వినబడుచున్నది. తెల్లవారకముందే ఈ నగరపు వీథులను ఊడ్చు పౌరకార్మికులలో పెక్కుమంది తెలుగువారే కదా! చీపురు పట్టుటకు అడ్డురాని భాష బల్లయొద్ద కూర్చుండుటకు మాత్రమేల అడ్డువచ్చుచున్నది? మన సన్నాహము చాలకపోవుటయే ముఖ్యకారణమని మేము తలచుచున్నాము.

మొదట సంస్థ నెరుగవలెను. 2007లో ఏర్పడిన బృహత్ బెంగళూరు మహానగరపాలికె నేడు లేదు. 2025 సెప్టెంబరులో దాని స్థానమున కేంద్ర, ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ నగరపాలికలు ఐదు ఏర్పడినవి. కర్ణాటక లోకసేవా ఆయోగము, కర్ణాటక పరీక్షా ప్రాధికారము వెలువరించు ప్రకటనలను స్వయముగా చూచుకొనుడు. సొమ్మడుగు దళారుల దరి జేరకుడు.

రెండవది కన్నడము. మన పిల్లలు వీథిలో ధారాళముగా మాటలాడుదురు. అర్జీ వ్రాయుమన్నచో కలమాగును. కన్నడ పరీక్షలో తప్పినవారికి తక్కిన మార్కులు అక్కరకు రావు. మన లిపియు వారి లిపియు ఒక్కతల్లి బిడ్డలు. మన పాలు అచ్చట హాలు, మన పులి హులి. ఈ చుట్టరికము పట్టుబడినచో నేర్చుట సులభము. ఐనను మనకు నీరూరు ఊట వారికి భోజనము. పోలికను నమ్మి ఏమరరాదు. దినమునకు ఒక పుట చదివి, పది పంక్తులు వ్రాయవలెను.

మూడవది పత్రములు. షెడ్యూల్డు కులములవారు, తెగలవారు ఒక రాష్ట్రమున పొందిన హోదాను వలసవచ్చిన రాష్ట్రమున వినియోగించుకొనజాలరని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున ఆంధ్రదేశపు పత్రమును నమ్ముకొనక, తరతరములుగా ఇచ్చటనే యున్నట్లు తెలుపు పాత బడి దాఖలాలను, ఇంటిపన్ను రసీదులను భద్రపరచి, నాడకచేరిలో ముందుగానే అర్జీ పెట్టుకొనవలెను. మన యింటిపేరు ఒక పత్రమున పొడియక్షరముగా, వేరొక పత్రమున పూర్తిగా ఉండుట కద్దు. ప్రకటన వెలువడకముందే సరిచేయించుకొనుడు.

కన్నడము నేర్చినచో తెలుగు తరుగునని పెద్దలు భయపడనక్కరలేదు. ఇంట తెలుగు నిలుపుట మన చేతిలోని పని. మన బిడ్డ ఆ బల్లయొద్ద కూర్చున్ననాడు, బెదరుచు వచ్చిన పౌరకార్మికురాలి గోడు తెలుగున విని, కన్నడమున వ్రాసి పెట్టగలదు. ఆ దినమునకై ఇప్పటినుండియే పాటుపడుదము.