ఒక ఏడాది, ఒక పాత చర్చి

1959 నాటి ఆల్బమ్‌లనే సాయంత్రమంతా వాయించే కచేరీలు జాజ్ లోకంలో జరుగుతుంటాయి. ఆ ఏడాది అంత గొప్పదా? గొప్పదే. న్యూయార్క్ 30వ వీధిలో ఒకప్పటి చర్చిని కొలంబియా కంపెనీ స్టూడియోగా మార్చుకుంది. మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’, డేవ్ బ్రూబెక్ ‘టైమ్ అవుట్’, చార్లెస్ మింగస్ ‘మింగస్ ఆ ఉమ్’ మూడూ ఆ ఏడాది అక్కడే రికార్డయ్యాయి.

మైల్స్ మార్చి 2న, ఏప్రిల్ 22న, రెండే రోజుల్లో పని ముగించాడు. వాద్యకారులకు స్థూలమైన రూపురేఖలిచ్చి, మిగతాది వారి మనోధర్మానికి వదిలేశాడు. అలాంటిదాన్ని నేడు అచ్చుగుద్దినట్టు వాయిస్తే నాకు రుచించదు. ‘టైమ్ అవుట్’లోని ‘టేక్ ఫైవ్’ మాత్రం మనకు ఇట్టే పట్టుబడుతుంది. అయిదు లెక్కల నడక. ఖండచాపులో రెండు, మూడుగా విరిగేది, ఇక్కడ మూడు, రెండుగా విరుగుతుంది, అంతే. కట్టింది బ్రూబెక్ కాదు, శాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్.

మింగస్‌ది కోపం. 1957లో నల్లజాతి విద్యార్థులను లిటిల్ రాక్ బడి గడప తొక్కనివ్వని గవర్నర్ ఫాబస్‌ను ‘మింగస్ ఆ ఉమ్’లోని ఒక బాణీలో వెక్కిరించాడు. ఆ రికార్డులో మాటల్లేవు. మాటలతో పాడింది 1960లో, వేరే కంపెనీకి.